మా మామ కోసం రాసిన లిస్టు

కంప్యూటరు నేర్చుకోవాలంటే ముందు చెప్పులు విడవాలి. గాంధీపురంలో బట్టల షాపు పైన, రెండో అంతస్తులో ఉండే మా సెంటరులో అదే మొదటి పాఠం. లోపల ఏసీ, నేలంతా పచ్చటి కార్పెట్టు, గోడమీద వినాయకుడు, వినాయకుడి కింద నాలుగు కంప్యూటర్లు. గుళ్ళోకి వెళ్ళినట్టే వెళ్ళేవాళ్ళం. గుళ్ళో దేవుడి ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, ఇక్కడ మనిషికి అరగంట, అంతే తేడా. మిగిలిన కాలమంతా బయట బెంచీమీద కూర్చుని ప్రోగ్రామును కాగితంమీద రాసుకుని, మనమే కంప్యూటరని ఊహించుకుని నడుపుకోవాలి. లెక్కల్లో బి.ఎస్సీ. పూర్తిచేసి, ఇక ప్రపంచం వచ్చి పిలుస్తుందని కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని, అది రాదని నమ్మకం కుదిరాక నేనక్కడ చేరాను.

బేసిక్ చెప్పిన మాస్టారు తమిళంలో చెప్పేవాడు. దాన్ని నేను మా ఇంటి తెలుగులోకి మార్చుకుని అర్థం చేసుకునేవాణ్ణి. ఒక సంగతి దాచుకోవాలంటే ఒక పెట్టె, దానికో పేరు. వందమంది పేర్లు దాచాలంటే వంద పెట్టెలకు వంద పేర్లు పెట్టుకుంటూ కూర్చోలేం కాబట్టి, వరుసగా గదులు కట్టి వరుసంతటికీ కలిపి ఒకే పేరు పెట్టి, గదికో నంబరు వెయ్యాలి. దాన్నే లిస్టు అన్నాడు. మూడో గదిలో ఎవరున్నారంటే మూడో గదిలోవాడు బయటికొస్తాడు. తక్కినవాళ్ళు తలలు గోక్కున్నారు. నాకు ఆ అవసరం రాలేదు. నేను పుట్టి పెరిగింది మిల్లు లైను ఇంట్లో. గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు, అన్నిటికీ కలిపి మిల్లు పేరే పేరు, తలుపుకో నంబరు. గదుల లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మాస్టారు చెప్పినప్పుడు వాదించినవాళ్ళు కూడా ఉన్నారు. మా లైనులో మొట్టమొదటి ఇల్లు మేస్త్రీది, దానికి నంబరు లేదు. రెండో ఇంటినే ఒకటో నంబరు అనేవాళ్ళం. అందుచేత నాకు అదీ వింతగా తోచలేదు.

లిస్టులోంచి ఒకణ్ణి తీసెయ్యడం ఎలాగో చెప్పిన రోజు మాత్రం కొంచెం ఆలోచించాను. గది ఖాళీగా ఉండకూడదట. వెనక గదిలోవాణ్ణి తెచ్చి ఈ గదిలో రాయాలి, వాడి వెనకవాణ్ణి వాడి గదిలో రాయాలి, అలా చివరిదాకా.

"అప్పుడు మొదట ఉన్నవాడు ఏమవుతాడు సార్?" అని అడిగాను.

"వాడి గదిలో ఇంకొకడి పేరు రాసేశాం కదా. ఇక వాడెక్కడ?" అన్నాడు మాస్టారు. పరీక్షలో అది రాదని కూడా చెప్పాడు.

మా ఇల్లు నాయనది కాదు, నాయన మిల్లు టోకెనుది. నాయన స్పిన్నింగులో పనిచేసినన్నాళ్ళే ఆ రెండు గదులూ మావి. ఆయన రిటైరయ్యేలోపు ఇంట్లో ఒకడు పర్మనెంటు అయితే ఇల్లు వాడి పేరుకు మారుతుంది. కాకపోతే సామాను ఎత్తుకుని వెళ్ళాలి. నాయనకు అప్పటికి ఏడాది కూడా మిగల్లేదు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇంటికి పనికొచ్చే మనుషుల్లో నన్నెవరూ కలపలేదు. భారమంతా అన్నమీదే ఉండేది. అన్న బద్లీ. అంటే పర్మనెంటు మనిషి పనికి రాని రోజున వాడి బదులు నిలబడేవాడు. పెళ్ళయింది, ఒక బిడ్డ, అయినా బద్లీ.

బద్లీలు రోజూ పొద్దున సంగు ఊదకముందే గేటు ముందు వరుస కట్టాలి. మిల్లు సైరన్‌ను మావాళ్ళు సంగు అనేవాళ్ళు. మేస్త్రీ వచ్చి ఎంతమంది కావాలో అంతమందిని పైనుంచి పిలుచుకుంటాడు. పని దొరకనివాడు కూడా వచ్చినట్టే లెక్క. వరసగా వారం కనపడకపోతే మాత్రం పేరు కొట్టేస్తారు. ఇది రూలు. కానీ చావులు, చెవులు కుట్టడాలు, కొండకు నడిచి వెళ్ళే మొక్కులు రూలు చూసుకుని రావు కదా. అందుకని గేటు ముందు ఇంకో పద్ధతి ఉండేది. రాలేనివాడు తన అన్నం క్యారియరు పంపిస్తాడు. పక్కింటివాడు దాన్ని తెచ్చి వరుసలో వాడి చోట పెడతాడు. మేస్త్రీ వరుస వెంట నడుస్తూ మనిషినీ క్యారియరునూ ఒకే చూపు చూసి, ఇద్దరూ వచ్చారని వేసుకునేవాడు. సొట్టలను బట్టీ మూతమీద చెక్కించిన అక్షరాలను బట్టీ ఎవరిదేదో అందరికీ తెలుసు. ఒకటే షరతు, క్యారియరు ఖాళీగా ఉండకూడదు. లోపల అన్నం ఉండాలి, ఆ రోజు పని దొరకనివాడు దాన్ని తినాలి. ఖాళీ క్యారియరు పెట్టి దొరికిపోయినవాడొకడు ఉన్నాడు. వాడికి పిల్లనివ్వడానికి చాలాకాలం ఎవరూ ముందుకు రాలేదు.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ మిల్లులోనే టైమాఫీసు గుమాస్తా. మా బంధువర్గంలో నా హాస్యానికి నవ్విన ఒకే ఒక్క మనిషి. తక్కినవాళ్ళు, "వీడికి ఎప్పుడూ ఎగతాళే," అని పక్కకు వెళ్ళేవాళ్ళు. మామ మాత్రం తొడ చరుచుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇంకొకటి చెప్పురా," అనేవాడు. నన్ను కాలేజీలో చేర్పించడానికి లీవు పెట్టి వచ్చినవాడూ ఆయనే. అలాంటివాడి మాట అనుమానించడం మా ఇంట్లో ఎవరికీ రాదు.

మిల్లుకొక కంప్యూటరు వచ్చింది. టైమాఫీసులో పెట్టి, గుడ్డ కప్పి, ఆయుధపూజకు కుంకుమ పెట్టారు. ఆ తర్వాత దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఒక ఆదివారం మామ మా ఇంటికొచ్చాడు.

"రేయ్, నువ్వు గాంధీపురంలో నేర్చేది దీన్నేనా?"

"దాని తమ్ముణ్ణి మామా. మీది పెద్ద మిషను."

మామ నవ్వి, ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "మేనేజరు బద్లీ లిస్టును దాంట్లో ఎక్కించమంటాడు. మేస్త్రీలు ఒక్కొక్కడు వాళ్ళవాళ్ళనే పిలుచుకుంటా ఉండారు గదా. మిషనుకైతే అక్క లేదు, తమ్ముడు లేడు. ఎవడి చెయ్యీ ఆడదు. నువ్వు రాసియ్యి కణ్ణు, మా నాయన గదా."

రాసిచ్చాను. మూడు ఆదివారాలు టైమాఫీసులో కూర్చుని, మామ చదువుతుంటే పేర్లు కొట్టాను. ఏ బద్లీ ముందు చేరితే వాడు ముందు గదిలో. రోజూ ఎవరొచ్చారో మామ కొడితే అది లెక్కపెట్టుకుంటుంది. వారం రాని పేరును తీసేసి వెనకవాళ్ళను ముందుకు జరుపుతుంది. మాస్టారు చెప్పిన పాఠమే, ఊహించుకున్న పేర్లకు బదులు నిజం మనుషులు. చిన్న ప్రోగ్రామే, అయినా అది నడిచి వరుసగా పేర్లు తెరమీద పచ్చగా వెలిగినప్పుడు నాకు చాలా గర్వమేసింది. అన్న పేరు తగినంత పైన ఉంది.

క్యారియర్ల సంగతి నాకు గుర్తుంది. నేనే అడిగాను.

"మామా, మనిషి రాక క్యారియరు వస్తే ఏమి కొట్టాల? దానికొక రూలు రాస్తాను."

"ఒద్దురా. మేనేజరు చూస్తే ఇదేందప్పా, అన్నం తెచ్చే సోత్తుపాత్రకు హాజరా అంటాడు. నవ్వుతాడు. క్యారియరు సంగతి నేను చూసుకుంటా. చేత్తో."

"నువ్వు మర్చిపోతే?"

"నేను మర్చిపోతే మీ అమ్మ నాకు అన్నం పెడ్తుందా?"

ఇది సరైన జవాబే అనిపించి ఆ రూలు వదిలేశాను.

ఆ ఏడాదే మామ కూతురికి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకుది కోవిల్‌పట్టి పక్క, నల్లరేగడి సేద్యం చేసే మన తెలుగువాళ్ళే. వానలు లేక కొన్నేళ్ళ కిందటే ఊరు వదిలి వచ్చి, అన్న చేరిన కొద్దిరోజులకే మా మిల్లులో బద్లీగా చేరాడు. నెమ్మదైన మనిషి. గేటు ముందు అన్న వెనకే నిలబడేవాడు, లిస్టులోనూ అన్న వెనక గదే. పెళ్ళి కుదిరిన కొద్దిరోజులకు మిల్లులో ఒక మాట పుట్టింది. కొత్త మిషన్లు వస్తున్నాయి, బద్లీల్లో పైనుంచి కొంతమందిని పర్మనెంటు చేస్తారు. ఎంతమందో మామే వచ్చి చెప్పాడు. వేళ్ళమీద లెక్కపెట్టి, చివరి వేలు అన్న భుజంమీద పెట్టాడు.

"కడసీవాడివి నువ్వేనప్పా. దేవుడు ఉండాడు."

వదిన ఆ సాయంత్రమే మంచం ఏ గోడకు వేస్తే బాగుంటుందో చూసుకుంది. నాయన తలుపుకు రంగు తెచ్చాడు. నా ఎరుకలో ఆయన ఆ ఇంటికి సొంతంగా రంగు తేవడం అదొక్కసారే.

సింగానల్లూరులో మామ సొంత ఇంటి ముందు పెళ్ళి. మా చుట్టాల్లో పెళ్ళంటే అన్న ఉండాలి. పందిరి కట్టెలు పాతడం, అండాలు దించడం, వంటవాళ్ళను తిట్టకుండా పని చేయించడం అన్నకు వచ్చిన విద్యలు. పందిరి వేసిన రోజు నుంచి అల్లుడి బంధువులు బస్సెక్కేదాకా కలిపి వారం దాటుతుంది. అన్న వెనకాడాడు.

"పొద్దున గేటుకు పోయి నిలబడి వచ్చేస్తా మామా. సంగు ఊదినాక వస్తే చాలదా?"

"సంగు టైముకే గదా కూరగాయల బండి వచ్చేది! నువ్వు లేకుంటే వాడు కుళ్ళిన వంకాయలన్నీ నా తలకు కడ్తాడు."

"వారం దాటితే పేరు పోతుంది గదా."

మామ అన్న చెయ్యి పట్టుకున్నాడు. "పేరు కొట్టేది ఎవరప్పా? నేనే గదా! నీ క్యారియరు వరసలో ఉంటే చాలు. నువ్వు కవలై పడొద్దు, దిగులే వద్దు. నాకు కొడుకు లేడు. నువ్వు లేకపోతే ఈ పెండ్లి నడిచేది కాదు."

ఆ చివరి మాటకు మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పక్కనే ఉన్నాను. నిజమైన నీళ్ళే. ఈ కథంతటిలో నాకు ఇప్పటికీ కొరుకుడు పడనిది అదే.

పెళ్ళివారమంతా వదిన పొద్దున్నే లేచి అన్న క్యారియరుకు వండింది. పక్కింటివాడు దాన్ని తీసుకెళ్ళి వరుసలో అన్న చోట పెట్టాడు. మధ్యాహ్నం ఎవరో తిన్నారు. సాయంత్రం క్యారియరుతోపాటు రసంలో ఉప్పు తక్కువైందని కబురు కూడా వచ్చింది. మర్నాడు వదిన కోపంతో ఉప్పు రెండింతలు వేసింది, దానికీ కబురు వచ్చింది. పెళ్ళిలో అన్న తినడానికి కూర్చున్నది నేను చూడలేదు. ఆఖరి పంక్తి లేచాక విస్తరాకులు ఎత్తడం చూశాను. చొక్కా విప్పి భుజానేసుకుని, పెళ్ళికొడుకు తాతను రెండు చేతులా ఎత్తి బస్సెక్కించింది కూడా అన్నే.

పందిరి ఇంకా విప్పకముందే గేటుకు నోటీసు అంటించారు. అంచుల్లో చిల్లులున్న పొడుగు కాగితం. మిల్లు కంప్యూటరుకు ఇంగ్లీషు అక్షరాలే వచ్చు కాబట్టి పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బద్లీల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు. లిస్టు రాసినవాణ్ణని నాకు కబురు పెట్టి పిలిపించారు. మూడు ఆదివారాల పనికి అంతకంటే మంచి బహుమానం ఉండదనుకుంటూ, గొంతు సవరించుకుని చదివాను. ఒక్కొక్క పేరుకూ వెనకనుంచి ఈలలు, వీపు చరుపులు. చివరి పేరుకు వచ్చాను. అది అన్న పేరు కాదు. పెళ్ళికొడుకు పేరు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. తర్వాత పైనుంచి చూసుకుంటూ వచ్చాను. ఎక్కడా లేదు.

అన్న నవ్వుతున్నాడు. "ఎగతాళి చేసింది చాలు. సరిగ్గా చదవరా."

"సరిగ్గానే చదివినానన్నా."

"ఏయ్, వీడి మాట నమ్మొద్దండప్పా," అన్నాడు అన్న పక్కవాళ్ళతో, ఇంకా నవ్వుతూనే. "వీడు మా నాయన చనిపోయినాడని చెప్పి సినిమాకు పోయినవాడు."

అది నిజమే, ఇంటర్వెల్ కాకముందే నాయన నన్ను పట్టుకున్నాడు కూడా. అందుకే ఎవరూ నమ్మలేదు. ఇంగ్లీషు వచ్చిన ఇంకొకణ్ణి ముందుకు తోశారు. వాడు వేలు పెట్టుకుని పైనుంచి కిందికి నిదానంగా చదివి, పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు అన్న ముఖంలో నవ్వు ఒకేసారి పోలేదు. పెదాల దగ్గర కొంచెంసేపు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

అమ్మ, అన్న, నేను సింగానల్లూరు వెళ్ళాం. పందిట్లో అరటిచెట్లు వాలిపోయి ఉన్నాయి. మామ అరుగుమీద కాఫీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి, లేచి, కూర్చోమని, లోపలికి తిరిగి మూడు కాఫీలు తెమ్మని కేకేశాడు. ఎవరూ కూర్చోలేదు.

"పేరు యాడ మామా?" అన్నాడు అన్న.

"నేనూ పొద్దున్నే చూసినానప్పా. నాకూ కడుపు మండింది. ఏమి చేసేది? వారం రాకుంటే మిషను తీసేస్తుంది. అది మిషను."

"నేను రానిది ఎందుకు? నీ ఇంట్లో ఉన్నాను."

"నాకు తెలుసు, మిషనుకు తెలుసునా? అది హాజరు చూస్తుంది, తీస్తుంది."

"హాజరు కొట్టేది నువ్వే గదా," అన్నాను.

"నేను ఉన్నది ఉన్నట్టు కొట్టినా. మనిషి రాలేదు, రాలేదని కొట్టినా."

"క్యారియరు వచ్చింది."

"ఒకడికి క్యారియరు లెక్క తీసుకుంటే అందరికీ తీసుకోవాల. మేనేజరు తిట్టడా? అందుకే గదా మిషను పెట్టింది." తర్వాత అమ్మవైపు తిరిగాడు. "అక్కా, ఆ ప్రోగ్రాము రాసింది నీ కొడుకే. నేను గుమాస్తాను. నాకు ఏమి తెలుసు?"

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ముందే అనుకుని పెట్టుకున్న మాటని నాకు అప్పుడే తెలిసింది. నేను అడిగాను, "పెళ్ళికొడుకు కూడా వారం రాలేదు గదా మామా. వాడి పేరు ఎట్ల నిలిచింది?"

మామ దాచాలని కూడా చూడలేదు. "పెండ్లికొడుకుకు ఎవరన్నా ఆబ్సెంటు వేస్తారా? అపశకునం గాదా? మంచి రోజు, నా చేత్తో నేను ఆబ్సెంటు ఎట్ల కొడతాను? వచ్చినాడని కొట్టినా."

"తాళి కట్టే టైముకు గేటు ముందర నిలబడి ఉండాడా?"

మామ నవ్వాడు. అలవాటుగా, తొడమీదికి చెయ్యి కూడా వెళ్ళింది. సగంలో ఆగిపోయింది. ఆయన నా మాటకు నవ్వడం అదే ఆఖరు.

లోపలినుంచి మామ కూతురు, కొత్త పసుపుతాడు మెడలో, మూడు గ్లాసుల కాఫీ తెచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. అమ్మ తమ్ముణ్ణి చూసి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది, "నా బిడ్డ నీ ఇంట్లో ఎంగిలాకులు ఎత్తినాడప్పా. ఆ మిషనుకు నువ్వు చెప్పలేదా?"

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, నాకు ఒకతే కూతురు. నీకు ఇద్దరు కొడుకులు, ఒకడు చదివినవాడు. నువ్వే చెప్పు, నేను ఏమి చెయ్యాల? ఇప్పుడు కూడా ఏమీ పోలేదు. నీ కొడుకు పేరు మళ్ళా చేర్పిస్తా. కడసీలో."

లిస్టు చివర ఒక పేరు చేర్చడం అన్నిటికంటే సులువు. ఎవరినీ జరపనవసరం లేదు. ఆ గదిలోంచి పైకి నడిచి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో కూడా నాకు తెలుసు. అంతకు ముందే నాయన రిటైరవుతాడు.

"వద్దు మామా," అన్నాడు అన్న. చెప్పులు తొడుక్కుని, మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు. నేను ఇప్పుడైనా తిడతాడనుకున్నాను. "పందిరి కట్టెలు రేపు పొద్దున తిరిగి ఇచ్చెయ్యాల. బాడుగ కట్టెలు. నీకు అంగడి తెలీదు గదా, ఆ పెద్ద వీధి చివర." అంతే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ కట్టెలు అన్నే తీసుకెళ్ళి ఇచ్చాడని తర్వాత తెలిసింది. నేను అడిగితే, "నా పేరు చెప్పి తెచ్చినవి," అన్నాడు.

ఆ తర్వాత మామ నాకు రెండుసార్లు కబురు పెట్టాడు. మిషను పేర్లు రెండేసిసార్లు చూపిస్తోందట, వచ్చి చూడమని. ఏ లైనులో తప్పుందో నాకు అక్కడికి వెళ్ళకుండానే తెలుసు. వెళ్ళలేదు. చివరికి ఎవరో గాంధీపురంలో నేర్చుకున్నవాడే వచ్చి సరిచేశాడని విన్నాను. మా సెంటరువాడే అయ్యుంటాడు, మా మాస్టారి శిష్యుడే. అమ్మ మాత్రం తన తమ్ముడి ఇంటికి వెళ్ళడం మానలేదు. కూతురు కడుపుతో ఉంటే గాజులు తొడగడానికి మేనత్త వెళ్ళాలి, వెళ్ళింది. తొడిగి, నీళ్ళు కూడా తాగకుండా వచ్చింది. ఇంటికొచ్చాక, "బిడ్డ బాగుండాది," అని మాత్రం అంది.

నాయన రిటైరైన నెలలోనే ఇల్లు ఖాళీ చేశాం. తలుపుకు రంగు తడి ఆరి ఎన్నాళ్ళో కాలేదు. సింగానల్లూరులో వర్క్‌షాపు వెనక ఒక వంటగదీ ఒక గదీ దొరికాయి. నాయన కొత్త ఇంట్లో ఎన్నో నెలలపాటు సంగు ఊదేవేళకు లేచి కూర్చునేవాడు. మామ పేరు ఆయన ముందు ఎత్తేవాళ్ళం కాదు. ఆయనా ఎత్తలేదు. మామను నేనే ఎక్కువ తిట్టుకున్నాను, అదీ లోపల. తిట్టుకుంటున్నప్పుడు కూడా, ఈ మాట మామకు చెబితే ఎంత నవ్వేవాడో అని అనిపించేది. మనిషిని నమ్మడం అలవాటైతే నమ్మకం పోయాక కూడా అలవాటు మిగులుతుందని అప్పుడే అనుభవమయింది.

అన్న తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో కటింగుకు చేరాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికొస్తాడని ఏర్పాటు. మొదటిసారి పంపించడానికి నేను గాంధీపురం బస్టాండుకు వెళ్ళాను. తిరుప్పూరు బస్సు నిండిపోయింది. అన్న మెట్టుమీద కాలుపెట్టే సమయానికి జనంలోంచి పెళ్ళికొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెళ్ళయి చాలా నెలలైనా మా ఇంట్లో వాడింకా పెళ్ళికొడుకే. మిల్లు యూనిఫారంలో ఉన్నాడు, జుట్టంతా దూది.

"అన్నా, నేను అడగలేదన్నా. సత్యంగా. నాకు నోటీసు చూసేదాకా తెలీదు."

"తెలుసు లేప్పా," అన్నాడు అన్న. "ఏ డిపార్టుమెంటు వేసినారు?"

"ఫ్రేమింగు."

"గోడపక్క మిషను ఉండాది గదా. దాన్ని ఆపినాక కూడా కొంచెంసేపు తిరుగుతుంది. ఆగిందని చెయ్యి పెట్టొద్దు." వాడు తలూపాడు. కండక్టరు విజిలేశాడు. అన్న లోపలికి తోసుకుని వెళ్ళి, కిటికీలోంచి నా వైపు చెయ్యి ఊపాడు. వాడికీ ఊపాడు.

బస్సు వెళ్ళిపోయాక మేమిద్దరం మిగిలాం. వాడు నాకేసి చూడకుండా అడిగాడు.

"ఆ లిస్టులో నేనిప్పుడు యాడ ఉండానప్పా?"

"నువ్వు పర్మనెంటు గదా. అది బద్లీల లిస్టు. దాంట్లో ఉండవు."

"అన్న?"

"అన్న కూడా ఉండడు."

వాడు జుట్టులోని దూది దులుపుకున్నాడు. "అట్లంటే మా ఇద్దరినీ అది తీసేసిందా?"

"ఆమా. ఇద్దరినీ ఒకే లైనుతో. దానికి తేడా తెలీదు."

సింగానల్లూరు బస్సు వచ్చింది. మేమిద్దరం ఎక్కవలసింది అదే. వాడు ముందు ఎక్కి, నాకోసం పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నువ్వు పో. నేను తర్వాతి బస్సుకు వస్తా," అన్నాను.